సంఘంలో ఒకరినొకరు ఆదరించుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

వందనాలు. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీది ఎనభై మంది ఉన్న సంఘం. ఆరాధన బాగా జరుగుతుంది, వాక్యం బాగా అందుతుంది, కానీ ఆశీర్వాదం పలికిన పది నిమిషాలకే మందిరం ఖాళీ అయిపోతుంది. ఒక సహోదరుడు మూడు నెలలుగా రావడం లేదన్న సంగతి మొన్న ఎవరో అంటేగాని మీకు తెలియలేదు. "మేం ఒకరినొకరం నిజంగా పట్టించుకోవాలంటే ఏం చేయాలి? పాస్టర్ గారితో చెప్పి ఏదైనా కార్యక్రమం పెట్టించాలా? ఆ సహోదరుడి దగ్గరకు ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి?" అని అడిగారు.

నేను ఇరవై ఆరేళ్లుగా సంఘ పెద్దగా ఉన్నాను. అందులో ఎక్కువ కాలం నా పని ఇళ్లకూ ఆసుపత్రులకూ వెళ్లి విశ్వాసులను పరామర్శించడమే. ఆ అనుభవంతో సూటిగా చెబుతాను.

కార్యక్రమంతో కాదు, ఒక మనిషితో మొదలుపెట్టండి. ఆ మనిషి దగ్గరకు వెళ్లండి. చెప్పింది వినండి. మీ చేతనైన ఒక చిన్న పని చేసి రండి. పదిహేను రోజులు పోయాక మళ్లీ వెళ్లండి. మొదటిసారి చాలామంది వెళ్తారు. రెండోసారి, మూడోసారి వెళ్లేవాళ్లే తక్కువ. బాధలో ఉన్నవాళ్లకు గుర్తుండిపోయేది కూడా ఆ రెండోసారే.

పౌలు మాసిదోనియకు వచ్చినప్పుడు వెలుపట పోరాటాలు, లోపట భయాలు ఉన్నాయని కొరింథీయులకు దాపరికం లేకుండా రాశాడు. అంతటి అపొస్తలుడిని దేవుడు ఎలా ఆదరించాడు? దర్శనం ఇచ్చి కాదు. తన జతపనివాడైన "తీతు రాకవలన" ఆదరించాడని రాసి ఉంది (2 కొరింథీ 7:6). తీతు ఏం బోధించాడో అక్కడ లేదు. వచ్చాడు, కొరింథు కబురు తెచ్చాడు, అంతే. ఈ వచనం నా పరిచర్యనే మార్చింది. అంతకుముందు ఎవరింటికి వెళ్లినా ఏ వాక్యభాగం చెప్పాలా అని దారంతా ఆలోచించుకుంటూ వెళ్లేవాడిని. ఇప్పుడు వెళ్లడమే సగం పని అని తెలుసు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. పదిహేనేళ్ల క్రితం నా భార్యకు పెద్ద ఆపరేషన్ అయింది. కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి వారం ఇల్లు నిండా మనుషులు. అందరూ ప్రేమగానే వచ్చారు, ప్రార్థన చేశారు, "ఏ అవసరం ఉన్నా మొహమాటపడకుండా చెప్పండి బ్రదర్" అని వెళ్లారు. మూడో వారానికి తలుపు తట్టేవాళ్లు లేరు. ఒక పెద్దావిడ మాత్రం ప్రతి మంగళవారం వచ్చేది. ఏం కావాలని ఒక్కసారి కూడా అడగలేదు. మంచం పక్కన కుర్చీలో ఉతికిన బట్టలు కుప్పగా పడి ఉండేవి. ఆవిడ ఆ కుర్చీ లాక్కుని కూర్చుని, పిల్లల యూనిఫాంలు ఒక దొంతర, నావి ఒక దొంతర మడతపెట్టేది. చొక్కా గుండీ ఊడిపోయి ఉంటే సంచిలోంచి సూది తీసి కుట్టేది. మడతపెడుతూనే నా భార్యతో నెమ్మదిగా కబుర్లు చెప్పేది. పని అయ్యాక ఒక కీర్తన చదివి, రెండు ముక్కల ప్రార్థన చేసి లేచేది. అంతా కలిపి ముప్పావు గంట. పదహారు మంగళవారాలు వచ్చింది. ఆ నాలుగు నెలల్లో నేను విన్న ప్రసంగాల్లో ఒక్కటీ గుర్తులేదు. ఆ బట్టల దొంతరలు గుర్తున్నాయి.

ఆవిడ దగ్గర నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను. "ఏదైనా కావాలంటే చెప్పండి" అనకండి. అనేవాళ్ల మనసు మంచిదే. కానీ ఆ మాటతో ఆలోచించే పని, అడిగే పని, అడగడానికి సిగ్గుపడే పని అన్నీ బాధలో ఉన్నవాళ్ల నెత్తినే పడతాయి. దాని బదులు "గురువారం మిమ్మల్ని ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను, పదింటికి రానా?" అనండి. "శనివారం రెండు గంటలు పిల్లల్ని మా ఇంట్లో ఉంచుకుంటాం" అనండి. రోజు, గంట, పని మీరే చెప్పాలి. వాళ్లు అవుననో కాదనో అంటే చాలు. చలికీ ఆకలికీ గురైన సహోదరుడితో "సమాధానముగా వెళ్లుడి" అని ఊరికే పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు అడిగింది (2:15-16) మనల్నే.

ఇక "ఆదరించడం" అన్నా "ప్రోత్సహించడం" అన్నా ఒకటే అనుకుంటాం. అందరికీ ఒకే మందు వేస్తాం. నేను చాలా ఏళ్లు చేసిన తప్పు ఇదే. 1 థెస్సలొనీక 5:14 చూడండి. అక్రమంగా నడుచుకునేవారికి బుద్ధి చెప్పాలి, ధైర్యం చెడినవారిని ధైర్యపరచాలి, బలహీనులకు ఊతనివ్వాలి. మనుషులు మూడు రకాలు, చేయాల్సినవీ మూడు. దీర్ఘశాంతం మాత్రం అందరి యెడలా. ఎవరికి ఏది అవసరమో కనిపెట్టకుండా నోరు తెరిస్తే, ధైర్యం చెడినవాడికి బుద్ధి చెబుతాం, అక్రమంగా నడిచేవాడి వీపు నిమురుతాం.

మా సంఘంలో ఒక యువకుడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కబురు తెలిసిన రోజే వెళ్లాను. వెళ్లి కూర్చున్న ఐదు నిమిషాల్లోపే రోమా 8:28 చెప్పాను, దేవుడు సమస్తాన్ని మేలుకే సమకూడి జరిగిస్తాడని. అతను తలూపాడు. ఆ తర్వాత రెండు నెలలు మందిరానికి రాలేదు. ఎప్పుడో తర్వాత మనసు విప్పి అన్నాడు: "అయ్యగారూ, మీరు చెప్పింది సత్యమే. కానీ నేను ఇంకా మొదలుపెట్టకముందే మీరు ముగించేశారు." ఆ మాట నాకు గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటోంది. వాక్యం తప్పు కాదు, నేను చెప్పిన వేళ తప్పు. యోబు ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా పలకకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. చెడగొట్టుకున్నది నోరు తెరిచాక. దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించడం చలిరోజున పైబట్ట లాగేయడం లాంటిదని సామెతల గ్రంథం కూడా హెచ్చరిస్తుంది (25:20).

అప్పటినుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. మొదటి పరామర్శలో వాళ్లు అడిగితే తప్ప వాక్య వివరణ ఇవ్వను. "ఏం జరిగిందో చెప్పండి" అంటాను. చెప్పడం అయిపోయిందనిపించాక ఇంకో నిమిషం ఆగుతాను. అసలు విషయం చాలాసార్లు ఆ నిమిషంలోనే బయటికి వస్తుంది. తర్వాత, వాళ్లు వాడిన మాటలతోనే ప్రార్థన చేస్తాను. "నిద్ర పట్టడం లేదు" అని వాళ్లంటే నా ప్రార్థనలో నిద్ర గురించే అడుగుతాను. తమ మాట ఒకరు విన్నారని వాళ్లకు తెలిసేది అక్కడే.

ప్రోత్సాహం గురించి ఒక మాట. మన తెలుగు బైబిలులో బర్నబా అనే పేరుకు "హెచ్చరిక పుత్రుడు" అని అర్థం ఇచ్చారు (అపొ. కార్యములు 4:36). చిన్నప్పుడు అది చదివి బర్నబా అందరినీ మందలించే మనిషేమో అనుకునేవాడిని. మూలంలో ఉన్న గ్రీకు మాట పరాక్లేసిస్. ఆదరణ, హెచ్చరిక, ధైర్యం చెప్పడం అన్నీ అందులోనే ఉన్నాయి. పరిశుద్ధాత్మను "ఆదరణకర్త" అని పిలిచే మాటకూ అదే మూలం. బర్నబా జీవితం చూస్తే ఆ మాట విశాలత తెలుస్తుంది. శిష్యులందరూ సౌలును (తర్వాత పౌలు అని పిలవబడింది ఇతనే) నమ్మక భయపడుతుంటే, బర్నబా అతని చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లాడు. తర్వాత అదే సౌలును వెతుక్కుంటూ తార్సు దాకా వెళ్లాడు. పంఫూలియలో తమను వదిలేసి వెళ్లిపోయిన మార్కుకు మళ్లీ అవకాశం ఇవ్వడం కోసం పౌలుతోనే విభేదించాడు. చివరికి పౌలు చెరసాలలోంచి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రా, పరిచర్యకు అతను నాకు ప్రయోజనకరమైనవాడు అన్నాడు (2 తిమోతి 4:11). ఒక మనిషి మీద బర్నబా వదులుకోని నమ్మకం ఎన్నో ఏళ్లకు ఫలించింది.

కాబట్టి ప్రోత్సహించడం అంటే పొగడటం అనుకోకండి. "బ్రదర్, మీరు చాలా బాగా వాడబడుతున్నారు" అంటే వినడానికి బాగుంటుంది, ఇంటికి చేరేలోపు ఆవిరైపోతుంది. "గత నెలలో కొత్తగా వచ్చిన ఆమె ఒంటరిగా కూర్చుంటే మీరు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నారు. ఆమె తర్వాతి వారం కూడా వచ్చింది, చూశారా?" అని చెప్పండి. చూసింది చూసినట్టు చెప్పాలి. సండే స్కూలు టీచరుకు, సౌండ్ సిస్టమ్ చూసుకునే కుర్రాడికి, మందిరం ఊడ్చే ఆమెకు ఇలాంటి మాట ఎవరైనా చెప్పి ఎన్నాళ్లయిందో ఆలోచించండి.

ఇప్పుడు మీరు అడిగిన కార్యక్రమం సంగతి. ఏర్పాటు అసలే వద్దని నేను అనను. యెరూషలేము సంఘంలో అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుడితే, అపొస్తలులు "అందరూ కాస్త ప్రేమగా ఉండండి" అని సరిపెట్టలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు (అపొ. కార్యములు 6). మనసు మంచిదైనా లెక్క లేకపోతే కొందరు తప్పిపోతారు. ఎక్కువగా తప్పిపోయేది నోరులేనివాళ్లే.

ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ కాలంలో జరిగింది కూడా ఇక్కడ పనికొస్తుంది. 1742లో బ్రిస్టల్‌లో మందిరం కట్టిన అప్పు తీర్చడానికి మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చేయాలనుకున్నారు. సుమారు పన్నెండు మందికి ఒక నాయకుడు, ఆయన వారం వారం ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లాలి, ఇవ్వలేనివాళ్ల పెన్నీ తనే వేసుకోవాలి. పెన్నీల కోసం ఇళ్లకు వెళ్లినవాళ్లకు అక్కడ మనుషులు ఎలా బతుకుతున్నారో కంటబడింది. అప్పు తీర్చే ఏర్పాటు కాస్తా ఆత్మలను కనిపెట్టుకునే ఏర్పాటు అయింది. మెథడిస్టుల క్లాస్ మీటింగులు అలా పుట్టాయి. అందులో నాకు నచ్చేది ఆ పన్నెండు అనే లెక్క. ఎనభై మందిని ఒక పాస్టర్ గారు వారం వారం కలవలేరు. పన్నెండు మందిని ఒక సాధారణ విశ్వాసి కలవగలడు.

మీ సంఘానికైతే ఏడుగురు చాలు. ఒక్కొక్కరికీ పది పన్నెండు మంది పేర్లు. వాళ్లు చేయాల్సింది: ఆదివారం ఆ పన్నెండు మందిలో ఎవరు కనిపించలేదో చూడటం, రాత్రిలోపు ఒక ఫోన్ చేయడం. మెసేజ్ కాదు, ఫోన్. "ఎందుకు రాలేదు" అని అడగొద్దు, అది హాజరు పట్టీ అయిపోతుంది. "కనిపించలేదు, ఎలా ఉన్నారు" అని అడగాలి. రెండు వారాలు వరుసగా కనిపించకపోతే ఇంటికి వెళ్లాలి. ఇది పాస్టర్ గారి అనుమతితో, ఆయనకు తెలిసి జరగాలి. ఆయనను పక్కనపెట్టినట్టు ఉండకూడదు. కొత్త నిబంధన గ్రీకు మూలంలో "ఒకరినొకరు" అనే మాట సుమారు వంద సార్లు వస్తుంది. ప్రేమించండి, క్షమించండి, భారాలు మోయండి అని ఆ మాటతో ఇచ్చిన ఆజ్ఞలు కాపరి ఒక్కడికి రాసినవి కావు. ఆయనకు చేదోడు కావడం మన బాధ్యత.

దీనికి తోడు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. నా దగ్గర ఉన్నది మూడోది. అందులో తారీఖులు తప్ప ఇంకేం ఉండవు. ఫలానా సహోదరి భర్త ప్రభువునందు నిద్రించిన రోజు, ఫలానా అబ్బాయి పరీక్ష, ఫలానా ఆయన స్కానింగ్ రిపోర్టు వచ్చే రోజు. సమాధి కార్యక్రమం నాడు వందల మంది ఉంటారు. ఏడాది తిరిగి అదే తారీఖు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఒక్కరే కూర్చుని ఉంటారు. ఆ ఉదయం ఫోన్ చేసి "ఈ రోజు మీకు కష్టంగా ఉంటుందని గుర్తొచ్చింది" అంటే చాలు. కొందరు మాట్లాడలేక ఏడుస్తారు. ఏడవనివ్వండి. పోయినవాళ్ల పేరు ఎత్తితే గాయం రేగుతుందేమోనని మనం భయపడి ఎత్తం. నేను చూసినంతలో, ఆ పేరు ఇంకెవరి నోటా వినపడకపోవడమే వాళ్లను ఎక్కువ బాధిస్తుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పక చెప్పాలి. ఇవి పాటించక చెడిపోయిన పరిచర్యలను చూశాను.

ప్రార్థన మనవి పేరుతో ఒకరి రహస్యం బయటపెట్టకండి. ఒక తల్లి తన కొడుకు తాగుడు గురించి ఒకరిద్దరితో చెప్పుకుని ఏడ్చింది. సాయంత్రానికి అది సంఘం వాట్సాప్ గ్రూపులో "ఈ కుటుంబం కొరకు భారంతో ప్రార్థించండి" అని పేర్లతో సహా వచ్చింది. పెట్టినామెకు చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ కొడుకు అది చదివాడు. ఆ తల్లి ఆ తర్వాత ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. "ఇది ఎవరితోనైనా చెప్పవచ్చా? ఎంతవరకు చెప్పవచ్చు?" అని అడగనిదే ఒక్క అక్షరం కూడా బయటికి రాకూడదు. భార్యకు, భర్తకు కూడా.

డబ్బు సహాయం విషయంలో గలతీ 6 రెండు మాటలూ కలిపి చదవండి. రెండో వచనం ఒకరి భారాలు ఒకరు భరించమంటుంది, ఐదో వచనం ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలంటుంది. గ్రీకులో అవి రెండు వేర్వేరు మాటలు. మొదటిది మనిషిని కుంగదీసే భారం, రెండోది ప్రతి ఒక్కరూ మోసుకోవాల్సిన మూట. ఆసుపత్రి ఖర్చు మీద పడిన కుటుంబానికి మారు ప్రశ్న లేకుండా నిలబడాలి. ప్రతి నెలా అప్పు చేసి అప్పు తీర్చేవాళ్లకు డబ్బు కంటే పక్కన కూర్చుని లెక్క రాసిపెట్టే మనిషి అవసరం. ఏదైనా ఇద్దరు ముగ్గురు కలిసి నిర్ణయించండి, ఒక్కరే ఇవ్వకండి. ఇచ్చిన సంగతి వేదిక మీద ప్రకటించకండి.

సహోదరీలను పరామర్శించడానికి సహోదరీలే వెళ్లాలి, లేదా దంపతులుగా వెళ్లాలి. పిల్లలతో పని ఉన్నచోట పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. ఇది అపనమ్మకం కాదు, అందరికీ రక్ష.

ఇంట్లో కొడుతున్నారని ఎవరైనా చెబితే "ఓర్చుకో, ప్రార్థన చెయ్యి" అని వెనక్కి పంపకండి. ముందు ఆమె, పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూడండి, చట్టం ఇచ్చే సహాయం తీసుకోవడంలో తోడు నిలవండి. పిల్లల మీద అఘాయిత్యం జరిగితే సంఘంలోనే సర్దుబాటు చేసే హక్కు ఎవరికీ లేదు. అది అధికారులకు చెప్పి తీరాల్సిందే.

అలాగే, చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే విశ్వాసం తక్కువైందని అనకండి. ఏలీయా బదరీ వృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసేయమని అడిగితే, దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపించాడు, అదీ రెండుసార్లు. "చనిపోవాలని ఆలోచిస్తున్నారా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఆ రోజు వాళ్లను ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరకు మీరే తీసుకెళ్లండి. పౌలు పక్కన ఉన్న లూకా "ప్రియుడైన వైద్యుడు" (కొలొస్సయి 4:14). మందూ ప్రార్థనా శత్రువులు కావు.

ఇదంతా చేసేవాళ్లు కూడా అలిసిపోతారు. యుద్ధం జరుగుతుండగా చేతులు ఎత్తి ఉంచిన మోషేకు చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ముందు ఒక రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టారు, తర్వాత చెరొకవైపు చేతులు ఆనారు. మీ పాస్టర్ గారిని, అమ్మగారిని ఎవరు కూర్చోబెడుతున్నారో చూడండి. అందరి బాధలూ వినే ఇంటికి "మీరెలా ఉన్నారు" అని అడగడానికి వెళ్లేవాళ్లు అరుదు. మీరు కూడా బాధలో ఉన్నవాళ్లను ముగ్గురి కంటే ఎక్కువమందిని ఒకేసారి మీద వేసుకోకండి.

చివరిగా, మూడు నెలలుగా రాని ఆ సహోదరుడు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలన్నారు. ఉన్న ముఖంతోనే వెళ్లండి. "ఈ మధ్య పనుల్లో పడి" అని సాకు చెప్పకండి. గుమ్మంలోనే అనండి: "అన్నా, మీరు మూడు నెలలుగా రావడం లేదు. నేను గమనించలేదు. అది నా తప్పు, క్షమించండి." తర్వాత ఆగండి. ఆయన కోపపడితే పడనివ్వండి. సంఘంలో ఎవరి మీదైనా ఫిర్యాదు చెబితే వాళ్ల తరఫున వాదించకండి, ఆయన తరఫునా తీర్పు చెప్పకండి. విని రండి. ఆదివారం రమ్మని ఆ రోజు పిలవకండి. పిలిస్తే, ఖాళీ కుర్చీ నింపుకోవడానికి వచ్చారనుకుంటాడు. లోపలికి రమ్మనకపోతే, వచ్చే వారం ఇదే రోజు మళ్లీ వస్తానని చెప్పి తిరిగి రండి. ఆ రోజు వచ్చినప్పుడు వెళ్లండి.